నరం ఉన్న నాలుక

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందని సామెత. ఆడిన మాట తప్పేవాళ్ళను ఎత్తిపొడవటానికి పుట్టిన మాట అది. క్లాసులో నేనూ ఎన్నోసార్లు వాడాను. అయితే ఆ నాలుక కింద నిజంగానే నరంలాంటిది ఒకటి ఉంటుందనీ, దాని మూలాన మా ఇంట్లో నెల రోజులపాటు ఎవరికీ కంటిమీద కునుకు ఉండదనీ నేనెన్నడూ అనుకోలేదు.

మా చెల్లాయికి పెళ్ళయిన ఆరేళ్ళకు మగపిల్లవాడు పుట్టాడు. నాన్నగారు పోయిన తర్వాత అమ్మ తెనాలిలో నా దగ్గరే ఉంటున్నది కనుక, చెల్లాయికి పుట్టిల్లంటే మా ఇల్లే. పురుడు సుఖంగా జరిగింది. పిల్లవాడు రెండు కిలోల తొమ్మిదివందల గ్రాములు. ఇంటికి వచ్చిన మర్నాటినుంచీ మొదలయింది గొడవ. వాడు గంటసేపు రొమ్ము పట్టుకుని, తాగి తాగి కాక అలిసిపోయి నిద్రపోయేవాడు. పది నిమిషాలకు మళ్ళీ లేచి ఏడుపు. పాలు కుడిచేటప్పుడు టిక్ టిక్ మని గడియారంలా చప్పుడు. చెల్లాయి పమిట చెంగు నోట్లో కుక్కుకుని, కాలివేళ్ళు బిగించి కూర్చునేది. చనుమొనలు చీలి నెత్తురు వస్తున్నదని నాతో చెప్పటానికి నాలుగు రోజులు పట్టింది దానికి. అమ్మకైతే చెప్పనే లేదు.

పక్కింటి మామ్మగారు చూడటానికి వచ్చి, ఏడుస్తున్న వాడి నోట్లోకి తొంగిచూచి ఒక్కమాటలో తేల్చేశారు. “నాలిక కింద నరం అంటుకుపోయిందే! మా రోజుల్లో మంత్రసాని గోటితో టక్కున తెంపేసేది. ఇప్పుడు అంతా చోద్యమాయె. కోయించకపోతే వీడికి మాటలు రావు, వచ్చినా నత్తి.”

అంతే! పాలమాట వెనకబడి, నత్తిమాట ముందుకు వచ్చింది. బెంగుళూరునుంచి మా మరిదిగారు ఫోనుమీద ఫోను. ఆయన స్నేహితుడొకాయన ఏదో పళ్ళ ఆసుపత్రి పేరు చెప్పాడట. అక్కడ లేజరుతో అయిదు నిమిషాల్లో చేసేస్తారట, నెత్తురుచుక్క రాదట. తీసుకువెళ్ళాం. అక్కడివారు పిల్లవాడి నాలుకను వేలితో ఎత్తి చూచి, మర్నాటికే వేళ ఖాయం చేసి, ఎంత అవుతుందో కాగితం మీద రాసి ఇచ్చారు. పై పెదవి కింద పొర కూడా కోస్తే మంచిదన్నారు. దానికి వేరే లెక్క. పిల్లవాడు పాలెలా తాగుతున్నాడో వారు అడగలేదు. బరువు చూడలేదు. తల్లి సంగతి సరే సరి. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాం గాని, నాకు మనసొప్పలేదు. పిల్లవాడికి నోట్లో ఏమున్నదో తెలియకుండా కత్తెర వెయ్యటమేమిటని మావారు కూడా అన్నారు.

ఇంతకీ ఉన్నదేమిటి? నాలుక ఎత్తి అద్దంలో చూసుకుంటే, నాలుక అడుగునుంచి కింది దవడ వైపుకు ఒక సన్నని పొర కనపడుతుంది. అది అందరికీ ఉన్నదే. నరమని మనం అనటమే కాని అది నరం కాదు. తాడూ కాదు. నోటి అడుగున పరుచుకుని ఉన్న కండపొరే నాలుక లేచినప్పుడు మడతపడి, తాడులా పైకి వస్తుందని 2019లో న్యూజిలాండులో దేహాలను శోధించి చూచిన వైద్యులు ప్రకటించారు. కొందరు పిల్లల్లో ఆ మడత పొట్టిగానో, బిగువుగానో, నాలుక కొసకు మరీ దగ్గరగానో ఉంటుంది. అప్పుడు నాలుక చాపితే కొస లోపలికి గుంజుకుని తమలపాకు తొడిమవైపులా కనిపిస్తుంది. దీన్నే డాక్టర్లు టంగ్‌టై అంటారు. ఎంతమందిలో ఉంటుందంటే, చూచేవారి కొలతను బట్టి నూటికి ఒకరి లోపునుంచి పదిమంది దాకా చెపుతారు. ఆడపిల్లలకన్న మగపిల్లల్లో ఎక్కువ. కుటుంబాల్లో వంశపారంపర్యంగా రావటం కద్దు.

ఈ కోత కొత్తదేం కాదు. రోమనుల కాలంలో, అంటే సుమారు రెండువేల ఏళ్ళ క్రితం, సెల్సస్ అనే ఆయన తన వైద్యగ్రంథంలో దీన్ని వివరంగా వర్ణించాడు. కోసిన తర్వాత చాలామందికి మాట వచ్చిందని చెపుతూనే, తాను ఎరిగిన ఒకడికి నాలుక పళ్ళు దాటి చక్కగా బయటికి వచ్చినా మాట మాత్రం రాలేదని రాశాడు. ఆ ఒక్క వాక్యానికి ఆయనకు దణ్ణం పెట్టాలి. వైద్యం పారని చోటు దాచుకోని గ్రంథకర్త! యూరపులో మంత్రసానులు ఇందుకోసం ఒక వేలిగోరు పెంచి పదును పెట్టుకునేవారట. మా మామ్మగారి మాట వింటే ఆ గోరు మన దేశంలోనూ ఉన్నట్టే ఉంది.

నత్తి సంగతి మరీ ఘోరం. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు నత్తి పోగొడతానని నాలుక మూలాన్నే కోశాడు. మరికొందరు వైద్యులు ఆయన దారి పట్టారు. రోగులు నానా బాధలూ పడ్డారు. నత్తి పోలేదు. కొద్దికాలానికే ఆ పద్ధతి మూలపడింది. నత్తికీ నాలుక కింద పొరకూ సంబంధం లేదని ఇప్పటి వైద్యులు అందరూ చెప్పే మాట.

అయినా నాకు భయం తీరలేదు. మాట నా వృత్తి కదా! ఆ రాత్రి పిల్లవాడిని భుజాన వేసుకుని తిరుగుతూ, వర్ణమాల మొత్తం నోట్లో పలికి చూసుకున్నాను. క, గ పలకటానికి నాలుక వెనకభాగం లేస్తే చాలు, కొసతో పనిలేదు. ప, బ, మ పెదవులతోనే అయిపోతాయి. అమ్మ, పాప, బాబు, మామ, బువ్వ, పసివాళ్ళ మాటల్లో సగం పెదవులవే. త, ద, నలకు నాలుక కొస పళ్ళ వెనక తగలాలి. తాత, అత్త, నాన్న అక్కడివి. ల, స, ర లకు పళ్ళ చిగురు దాకా పోవాలి. ఇక ట, డ, ణ, ళ ఉన్నాయే, అవీ కష్టమైనవి. కొసను పైకి మడిచి అంగిటికి తగిలించాలి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన దంత్య చకారం, తాలవ్య చకారం కూడా పలికి చూశాను. చాప, చీమ. రెంటికీ నాలుక నోరు దాటి అంగుళం బయటికి రానక్కరలేదు. నాలుక బయటికి చాపవలసిన అక్షరం తెలుగులో ఒక్కటీ లేదు! చాపితే వెక్కిరింత అవుతుంది గాని వర్ణం కాదు.

పాతికేళ్ళుగా వర్ణోత్పత్తి స్థానాలు పాఠం చెపుతూ ఉన్నాను. ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. చెల్లాయి పక్కగదిలోనుంచి, “అక్కయ్యా, వాడికి వ్యాకరణం తర్వాత చెపుదువు గాని, ఇలా పట్టుకురా” అన్నది.

మర్నాడు పళ్ళ ఆసుపత్రికి పోకుండా గుంటూరులో ఒక పిల్లల డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. మా కాలేజీలో పనిచేసే ఆవిడ చెప్పగా వెళ్ళాం. పదునాలుగో రోజు అది. డాక్టరమ్మగారు పిల్లవాడి నోరు తెరవలేదు. ముందు తూచారు. రెండు కిలోల ఆరువందల ఎనభై. పుట్టిన పిల్లలు మొదటి నాలుగైదు రోజుల్లో కాస్త తగ్గటం మామూలేనట. నూటికి పదివంతులు మించి తగ్గకూడదు. పది పదునాలుగు రోజులకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకు ఇరవై ముప్ఫై గ్రాములు పెరుగుతూ పోవాలి. వీడు రెండువందల ఇరవై గ్రాములు వెనకబడి ఉన్నాడు. రోజుకు ఎన్నిసార్లు తడుపుతున్నాడని అడిగారు. అయిదారు రోజులు దాటిన పిల్లవాడు కనీసం ఆరుసార్లన్నా తడపాలి. మావాడు నాలుగు.

అప్పుడు, “ఏదమ్మా, నా ఎదురుగా పాలివ్వండి, చూస్తాను” అన్నారు చెల్లాయితో. మగవాళ్ళను బయటికి పంపి, పక్కన స్టూలు వేసుకుని ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చున్నారు. వాడు చనుమొనను మాత్రమే పట్టుకుంటున్నాడు. చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి పోవాలి. పిల్లలు పెదవులతో పీలుస్తారనుకుంటాం గాని పని చేసేది నాలుకేనట. కింది చిగురు మీదుగా ముందుకు వచ్చి, లేచి, దిగుతుంది. దిగినప్పుడు నోట్లో శూన్యం ఏర్పడి పాలు లాగుతుంది. నాలుక ముందుకు రాకపోతే పిల్లవాడు చిగుళ్ళతో నమిలినట్టు చేస్తాడు. తల్లికి నరకం, బిడ్డకు ఆకలి. ఆ టిక్ టిక్ చప్పుడు పట్టు జారిపోయినప్పటిదట.

ఇదంతా అయిన తర్వాత గాని వాడి నాలుక ఎత్తి చూడలేదు. “పొర ఉన్నమాట నిజమే. కొసకు దగ్గరగానే ఉంది. అయితే నేను నాలుకకు వైద్యం చెయ్యను. పాలు తాగటానికి చేస్తాను” అన్నారు. పిల్లవాడిని ఎలా పట్టుకోవాలో, గడ్డం ఎక్కడ ఆనాలో, నోరు బాగా తెరిచిందాకా ఆగి ఎలా దగ్గరికి తీసుకోవాలో చేతులు పట్టి నేర్పారు. తాగగా మిగిలిన పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. పై పెదవి పొర సంగతి అడిగితే నవ్వి, దాని జోలికి పోవద్దన్నారు. లేచేముందు, “మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?” అని అడిగారు.

లేదన్నాం. ఆవిడ మా ముగ్గురినీ నాలుకలు చాపమన్నారు. అమ్మది మామూలుగానే వచ్చింది, చెల్లాయిదీ వచ్చింది. నాది రాలేదు. కింది పెదవి అంచుదాకా వచ్చి ఆగి, కొసన నొక్కు పడింది. డాక్టరమ్మగారు బల్లసొరుగులోనుంచి అద్దం తీసి ఇచ్చారు. నలభై ఆరేళ్ళకు నా నాలుక నేను చూసుకున్నాను. పోతన పద్యం, తిక్కన సంభాషణ, సీసమాలికలు, కాలేజీ వార్షికోత్సవాల ఉపన్యాసాలు అన్నీ ఈ కట్టుపడిన నాలుకతోనే చదివానన్నమాట!

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. కారులో చాలాసేపటిదాకా మాట్లాడకుండా కూర్చుని, చివరికి మెల్లిగా మొదలుపెట్టింది. “నువ్వూ ఇలాగే నమిలేదానివే. నెత్తురొచ్చేది. పదోరోజునుంచి ఆవుపాలు పట్టేశాను. మా అత్తగారు పిల్లకు పాలివ్వలేని తల్లి అని ఊరందరితోనూ అన్నది. నాకు పాలు పడలేదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.”

దానికి కారణం నా నాలుకే అని ఇవాళ ఎవరూ రుజువు చెయ్యలేరు. చెల్లాయి పుట్టినప్పుడు ఏ బాధా లేకుండా ఏడాది పాలిచ్చింది అమ్మ. అది మాత్రం ఆవిడకు అప్పుడే గుర్తుకు వచ్చినట్టుంది.

రెండువారాలు డాక్టరమ్మగారు చెప్పినట్టే చేశాం. ఉగ్గుగిన్నె పని అమ్మది. రాత్రి రెండుగంటలకు పాలు పిండిన గిన్నె పట్టుకుని ఆవిడ, వాడి తల నిలిపి పట్టుకుని నేను. ఇరవై ఎనిమిదో రోజున తూస్తే మూడు కిలోల అరవై గ్రాములు! ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచివచ్చింది. మరిదిగారు బెంగుళూరులో స్వీట్లు పంచారు. ఇంకేం, కోత అక్కరలేదనుకున్నాం. డాక్టరమ్మగారు కూడా పిల్లవాడి వరకైతే వేచి చూడవచ్చునన్నారు.

చూడగా, ఇలా వేచి చూచినవారు తక్కువేం కాదు. అమెరికాలో ఈ పేరు పెట్టిన పసిపిల్లలు ఒక లెక్కలో 1997లో 3,934 మంది ఉంటే 2012 నాటికి 32,837 అయ్యారు. పదిహేనేళ్ళలో పిల్లల నాలుకలు మారిపోతాయా? మారింది మన చూపు. బోస్టనులో ఒక ఆసుపత్రివారు కోతకోసం పంపిన 115 మంది పిల్లలను ముందు పాలు తాగే తీరు పరీక్షించి, తగిన సాయం చేసి చూస్తే నూటికి అరవైరెండుమందికి పైగా కత్తెర అవసరమే లేకపోయిందని 2019లో ప్రకటించారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలోనూ ముందు పాలిచ్చే పద్ధతి సరిచూడమనే ఉన్నది. లేజరు కత్తెరకన్న మెరుగని చెప్పటానికి ఆధారం లేదని కూడా అన్నారు. ముందుముందు మాట సరిగా రాదేమోనని పసితనంలోనే కోయటానికి కూడా తగిన ఆధారాలు లేవు. కొందరు పిల్లలకు కొన్ని అక్షరాలు స్పష్టంగా రాకపోవచ్చు. మూడునాలుగేళ్ళు వచ్చాక, మాటల నిపుణులు చూచి అవసరమంటే అప్పుడు చేయించవచ్చు. అయితే ఆ వయసులో మత్తు ఇవ్వవలసి వస్తుంది. పసిగుడ్డుకు అది అక్కరలేదు. ఈ ఒక్క మెలిక దగ్గరే తల్లిదండ్రులు తొందరపడిపోతారు.

ఇవన్నీ చదివి, ఇక నిశ్చింతే అని చెల్లాయికి చెప్పబోయాను. అది పిల్లవాడికి పాలిస్తున్నది. చెంగు ఇంకా నోట్లోనే ఉన్నది.

“అందరూ వాడి బరువు అడుగుతారు, వాడి మాట అడుగుతారు. నొప్పి తగ్గిందా అని నన్ను ఎవరన్నా అడిగారా అక్కయ్యా?” అన్నది.

నాకు సిగ్గువేసింది. నలుగురు ఆడవాళ్ళం కూర్చుని నెలరోజులు చర్చించిన ఇంట్లో అడగవలసిన మాట అడగలేదు. పట్టు సరిచేసిన తర్వాత నొప్పి కొంచెం తగ్గిందట, పోలేదట. ఇలాగే ఉంటే తాను ఇంకో పదిరోజులు మించి పాలివ్వలేననీ, డబ్బాపాలకు సిద్ధంగా ఉన్నాననీ చెప్పింది. డబ్బాపాలు పట్టిన తల్లి తల్లి కాకపోదు. ఆ మాట మా అమ్మ ఎదురుగానే అన్నాను. కాని చెల్లాయికి పాలివ్వాలనే ఉన్నది.

మళ్ళీ గుంటూరు వెళ్ళాం. డాక్టరమ్మగారు ఆ మాట విని, “అదైతే కారణమే” అన్నారు. కోత వల్ల తల్లికి నొప్పి కొద్దికాలంలో తగ్గుతుందని అయిదు పరిశోధనల్లో, మొత్తం 302 మంది పిల్లల్లో తేలిన సంగతులు కూర్చి 2017లో వచ్చిన సమీక్ష చెపుతున్నది. బిడ్డ పాలు తాగటం బాగుపడుతుందని మాత్రం అన్ని పరిశోధనలూ ఏకంగా చెప్పలేదు. ఇంగ్లండులో ఈ సంగతి తేల్చాలని పెద్దయెత్తున మొదలుపెట్టిన పరిశోధన తేలకుండానే ఆగిపోయింది. కోత లేకుండా సాయం మాత్రమే ఇవ్వవలసిన జట్టులో నూటికి 73 మంది పిల్లలకు కూడా తర్వాత కోత జరిగిపోయింది. 2023లో ఫలితాలు వచ్చినప్పుడు రెండుజట్లకూ తేడా కనపడలేదు. కనపడటానికి రెండుజట్లు మిగిలితే గదా! బాధలో ఉన్న తల్లిని పట్టి ఉంచగల పరిశోధన ఎక్కడుంటుంది?

ప్రమాదాలు కూడా దాచకుండా చెప్పారు. అరుదే అయినా నెత్తురు ఆగకపోవచ్చు, పుండు పడవచ్చు, పొర మళ్ళీ అతుక్కోవచ్చు, నోరు నొచ్చిన పిల్లవాడు రొమ్ము పట్టనని మొరాయించవచ్చు. పుట్టినప్పుడు కె విటమిను సూది వేశారా, వంశంలో నెత్తురు గడ్డకట్టని జబ్బు ఉందా అని అడిగి, ఆసుపత్రి కాగితం చూపించిందాకా ఊరుకోలేదు. మామ్మగారి మంత్రసాని గోటికి ఈ ప్రశ్నలు తెలియవు. ఎందరు పసివాళ్ళకు చీము పట్టిందో ఎవరు రాసిపెట్టారు?

మరిదిగారిని ఫోనులో అడిగాం. ఆయన, “మీ అందరికీ ఎలా తోస్తే అలా” అన్నారు. చెల్లాయి, “నాకు తోచింది, చేయిస్తున్నాం” అన్నది. అమ్మ ఏమీ అనలేదు. పిల్లవాడి నుదుట విబూది పెట్టింది.

ముప్ఫైమూడో రోజు అది. వాడిని గుడ్డలో చేతులు కదలకుండా చుట్టి, నాలుకమీద రెండు చుక్కలు పంచదారనీళ్ళు వేశారు. నర్సు తల పట్టుకున్నది. పొరలో నరాలూ రక్తనాళాలూ తక్కువగా ఉన్న చోటు చూచి మొద్దుకొన కత్తెరతో చిన్న గాటు. నేను కళ్ళు మూసుకుని తెరిచేలోపల అయిపోయింది. గాజుగుడ్డ మీద శనగగింజంత నెత్తురు. వాడు ఒక్క కేక పెట్టాడు, వెంటనే రొమ్ము అందించారు, ఊరుకున్నాడు. మర్నాటికి నాలుక కింద తెల్లగా మచ్చకట్టింది. చీమేమోనని హడలిపోయి ఫోను చేస్తే, మానుతున్న గుర్తు అన్నారు. గాయాన్ని వేలితో సాగదీయటంలాంటివి చెయ్యవద్దని ముందే చెప్పారు.

మీరు అద్భుతం జరిగిందని వినదలచుకుంటే నేను చెప్పలేను. మొదటిరోజు తేడా లేదు. మూడోరోజున నొప్పి సగమయిందని చెల్లాయి అన్నది. వారానికి చెంగు నోట్లోనుంచి జారింది. టిక్ టిక్ చప్పుడు అప్పుడప్పుడూ ఇంకా వినిపించేది. అది కత్తెర మహిమో, రోజుల మహిమో, నెలరోజులు నేర్చుకున్న పట్టు మహిమో! అలాగే ఇంకో పదిరోజులు ఓర్చుకుని ఉంటే అదే తగ్గిపోయేదేమో కూడా. చెల్లాయి మాత్రం మళ్ళీ అడిగినా కత్తెరే అంటుంది. ఆ పదిరోజులు ఓర్చుకోవలసింది తను గనుక నేను వాదించలేదు.

నా నాలుక నాకు అలాగే ఉన్నది. డాక్టరమ్మగారు వేళాకోళానికి, “మీకూ చేసేదా?” అన్నారు. ఐస్‌క్రీము పుల్లమీద తినటం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. అంతకుమించి దానితో నాకేమీ పేచీ లేదు.

పిల్లవాడికి ఇప్పుడు ఏడోనెల. పళ్ళు రాలేదు గాని మాటలకు తయారవుతున్నాడు. ప్రస్తుతానికి బబ్బబ్బ, మమ్మమ్మ. అన్నీ పెదవులవే. అమ్మ మాత్రం రోజూ సాయంకాలం వాడిని ఎత్తుకుని నాన్నగారి ఫొటో ముందు నిలబడి, “తాత, తాత అనరా” అని పాఠం చెపుతున్నది.